పటంతోపాటు దాని తప్పుల లెక్కా ఇవ్వండి

ఉపగ్రహ చిత్రాల నుంచి ప్రపంచ భూ పటాలు తయారుచేస్తున్న అంతరిక్ష సంస్థలకు, విశ్వవిద్యాలయ బృందాలకు, కంపెనీలకు

నమస్కారం.

మీ పటాలను చాలాకాలంగా వాడుతున్నాను. వాటిలోంచి విస్తీర్ణాలు తీసి, నిర్ణయాలు చేసేవాళ్లకు లెక్కలు కట్టి ఇవ్వడం నా వృత్తి. మీ పటం తప్పితే నా లెక్క తప్పుతుంది, నా లెక్క తప్పితే నష్టపోయేది మీరూ కాదు, నేనూ కాదు. అందుకే ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాను.

మీ మేలు మరచి రాస్తున్నాననుకోకండి. 1972 జులైలో అమెరికా వారి మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఎగిరింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఒక్కో చిత్రాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. 2008లో ఆ భాండాగారాన్ని ఉచితం చేశారు. 2015లో యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 వచ్చాక పది మీటర్ల పిక్సెల్, అంటే నేలమీద పది మీటర్ల గడికి ఒక చుక్క చొప్పున ఉండే చిత్రం, విద్యార్థి చేతికి కూడా అందింది. ఇంత సమాచారాన్ని దాచుకోకుండా పంచిపెట్టడం చిన్న విషయం కాదు. నా పేచీ ఆ సమాచారంతో కాదు. పటాన్ని డౌన్‌లోడ్ చేసుకునే చోట, దాని పేరు పక్కనే మీరు పెట్టే ఒకే ఒక్క అంకెతో. మొత్తం ఖచ్చితత్వం ఇన్ని శాతం అని మీరు రాస్తారు. చదివినవాళ్లు దాన్ని పటానికి పూచీకత్తు అనుకుంటారు. అది పూచీకత్తు కాదని మీకు బాగా తెలుసు. తెలిసీ ఆ అంకెను అలా ఒంటరిగా వదిలేయడమే నాకు మింగుడుపడనిది.

ఒక ఉదాహరణ చూడండి. పది మీటర్ల ప్రపంచ పటాలు మూడింటిని పక్కపక్కన పెట్టి పరీక్షించిన ఒక స్వతంత్ర అధ్యయనం 2022లో వచ్చింది. ఆ మూడూ డైనమిక్ వరల్డ్, వరల్డ్‌కవర్, ఎస్రి పటాలు. ప్రపంచవ్యాప్తంగా సేకరించిన ఒక నమూనాతో పోలిస్తే ఎస్రికి 75 శాతం, డైనమిక్ వరల్డ్‌కు 72, వరల్డ్‌కవర్‌కు 65 వచ్చాయి. తర్వాత అవే పటాలను యూరప్‌లో ఇంకా చిన్న చిన్న స్థలాల్లో చేసిన క్షేత్ర సర్వేతో పోల్చారు. వరుస తలకిందులైంది. వరల్డ్‌కవర్ 71 శాతంతో ముందుకొచ్చింది, డైనమిక్ వరల్డ్ 66 దగ్గర నిలిచింది, ఎస్రి 63తో వెనకబడింది. పటాల్లో ఒక్క పిక్సెల్ కూడా మారలేదు. మారింది ప్రాంతం, కొలవడానికి వాడిన గడి సైజు. మరి మొదటి పట్టికనే చూసి పటాన్ని ఎంచుకున్నవాళ్ల సంగతేమిటి?

అదే అధ్యయనంలో దీనికంటే విలువైన విషయం ఇంకొకటి ఉంది. మూడు పటాలనూ కలిపి చూస్తే నీటిని గుర్తించడంలో ఖచ్చితత్వం 92 శాతం, పచ్చికను గుర్తించడంలో 34 శాతం. అంటే చెరువుల లెక్క కావలసినవారికి ఇవి మంచి పటాలు. పశువుల మేత భూముల లెక్క కావలసినవారికి దాదాపు పనికిరానివి. ఇద్దరికీ మీరు చూపిస్తున్న అంకె మాత్రం ఒక్కటే.

నిజానికి ఈ మొత్తం ఖచ్చితత్వం అనేది మార్పును కొలిచేచోట మరీ మోసం చేస్తుంది. ఊరికే అంటే నమ్మరు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. ఇది ఊహించిన లెక్కే కానీ ఇలాంటివి నా బల్ల మీదికి తరచూ వస్తాయి.

లక్ష హెక్టార్ల ప్రాంతం ఉందనుకుందాం. అందులో 2,000 హెక్టార్లలో చెట్లు పోయాయని, మిగతా 98,000 హెక్టార్లు అలాగే ఉన్నాయని పటం చెప్పింది. పోయాయన్న చోట ర్యాండమ్‌గా 100 బిందువులు తీసి చూస్తే 80 చోట్ల నిజంగానే పోయాయి. అలాగే ఉన్నాయన్న చోట 500 బిందువులు చూస్తే 495 సరిపోయాయి, 5 చోట్ల మాత్రం చెట్లు లేవు. మొత్తం ఖచ్చితత్వం 98.6 శాతం. మీరు పెద్దక్షరాల్లో వేసుకునే అంకె ఇదే.

ఇప్పుడు విస్తీర్ణానికి రండి. 2,000 హెక్టార్లలో 80 శాతం అంటే 1,600. 98,000లో ఒక్క శాతం అంటే 980. కలిపితే అసలు నష్టం సుమారు 2,580 హెక్టార్లు. అందులో పటానికి చిక్కింది 1,600 మాత్రమే, నూటికి 38 వంతులు జారిపోయాయి. ఇంత చిన్న నమూనాతో వచ్చిన అంచనా కనక దానికి 95 శాతం నమ్మకంతో అటూ ఇటూ 870 హెక్టార్ల తేడా కూడా చెప్పాలి. అంటే 1,710 కావచ్చు, 3,450 కావచ్చు. పిక్సెళ్లు లెక్కపెట్టి 2,000 అని నివేదికలో రాసేవాళ్లకు ఈ సంగతేదీ కనపడదు. ఇక ఎక్కడా ఏ మార్పూ లేదని ఖాళీ పటం ఒకటి గీసి ఇచ్చినా ఈ ప్రాంతంలో దానికి 97 శాతం పైనే ఖచ్చితత్వం వస్తుంది!

ఇది నేను కనిపెట్టిన గణితం కాదు. నమూనా నుంచి విస్తీర్ణాన్ని ఎలా సరిదిద్దాలో, ఎంత అనిశ్చితి చెప్పాలో వివరించే మంచి పద్ధతుల పత్రం 2014లోనే వచ్చింది. మీ నివేదికల్లో చాలావాటి చివర దాని ప్రస్తావన ఉంటుంది కూడా. ప్రస్తావించినంత శ్రద్ధగా పాటిస్తే నేను ఈ ఉత్తరం రాయనవసరం ఉండేది కాదు.

రెండో విషయం, పరీక్ష ఎవరు పెడుతున్నారు అన్నది. చిత్రాన్ని చూసి పటం గీసే కంప్యూటర్ మోడల్‌కు నేర్పడానికి సేకరించిన బిందువుల్లోంచే పదో ఇరవయ్యో శాతం పక్కకు తీసి, వాటితోనే సరిచూసుకుని, ఆ వచ్చినదాన్ని ఖచ్చితత్వం అంటున్నారు. ప్రశ్నపత్రం రాసినవాడే జవాబులు రాసి, తనకు తానే మార్కులు వేసుకున్నట్టుంది ఇది. భూమి మీద పక్కపక్క స్థలాలు ఒకదానికొకటి పోలి ఉంటాయి. నేర్పిన బిందువుకు అర కిలోమీటరు దూరంలోని బిందువును పరీక్షకు పెడితే మోడల్ నేర్చుకుందా, పక్కదాన్ని చూసి కాపీ కొట్టిందా అన్నది తేలదు. మధ్య ఆఫ్రికా అడవుల్లో చెట్ల జీవద్రవ్యరాశిని, అంటే వాటిలోని మొత్తం పదార్థపు బరువును, అంచనా వేసే మోడళ్ల మీద 2020లో వచ్చిన ఒక పరిశోధన ఈ సంగతిని బట్టబయలు చేసింది. బిందువులను ర్యాండమ్‌గా విడదీసి పరీక్షిస్తే ఆ బరువు చోటుచోటుకూ మారే తీరులో సగానికి పైగా మోడల్ వివరిస్తున్నట్టు కనిపించింది. నేర్పినచోటికి దూరంగా ఉన్న ప్రాంతాలతో పరీక్షిస్తే ఆ సామర్థ్యం దాదాపు సున్నాకు పడిపోయింది. అదే మోడల్, అదే సమాచారం. అలాంటి పటాల మీదే కర్బన లెక్కలు నడుస్తున్నాయి.

ఇక నేలమీది కొలతల సంగతి. దీని గురించి కొంచెం విడమరచి చెప్పాలి. ఉపగ్రహం తప్పు, నేల ఒప్పు అని తేల్చిపారేసేవాళ్లు మావైపు కూడా చాలామంది ఉన్నారు. అంత తేలిక కాదు.

నేల తేమనే తీసుకోండి. 2015 జనవరి 31న ప్రయోగించిన స్మాప్ అనే నేల తేమ ఉపగ్రహానికి రాడార్, నేల నుంచి సహజంగా వెలువడే తరంగాలను కొలిచే రేడియోమీటర్ రెండూ ఉండేవి. అదే ఏడాది జులైలో రాడార్ చెడిపోయింది, రేడియోమీటర్ ఒక్కటే మిగిలింది. దాని కొలతను 36 కిలోమీటర్ల గడిలో ఇస్తారు. అంటే దాదాపు 1,300 చదరపు కిలోమీటర్లకు ఒక్క అంకె, అదీ పైపైన అయిదు సెంటీమీటర్ల మట్టికే. దాన్ని సరిచూడటానికి నేలలో గుచ్చే సెన్సరు పిడికెడు మట్టిని కొలుస్తుంది. ఆ పిడికెడు మట్టి వాన పడిన వైపుదా, పడని వైపుదా? ఇసుకా, బంకమట్టా? పక్క పొలానికి నిన్న నీళ్లు పెట్టారా? రెండు అంకెలూ సరైనవే అయ్యుండి ఒకదానికొకటి పొసగకపోవచ్చు. అందుకే స్మాప్ బృందం ఒకే గడిలో అనేక సెన్సర్లున్న కేంద్రాలను ఎంచుకుని, వాటి సగటును సరైన బరువులతో తీసి పోల్చింది. ఇది నేను మెచ్చుకునే పని. ఇంత ఓపికగా సరిచూసిన భూ ఉత్పత్తులు తక్కువ.

కానీ అక్కడ కూడా ఒక మెలిక ఉంది. ఆ ఉపగ్రహం లక్ష్యంగా పెట్టుకున్న దోషం ఘనపు మీటరు మట్టికి 0.04 ఘనపు మీటర్ల నీరు. ఈ దోషాన్ని లెక్కగట్టేది స్థిరమైన తేడాను తీసేశాక. అంటే ఉపగ్రహం ఏడాది పొడవునా నేలను నిజానికంటే ఒకే మోతాదులో పొడిగా చూపిస్తున్నా ఆ తేడా ఈ అంకెలోకి రాదు. తేమ పెరిగిందా తగ్గిందా అని చూసేవాళ్లకు ఇది చాలు. నేలలో ఇప్పుడు ఎన్ని నీళ్లున్నాయి అని అడిగేవాళ్లకు చాలదు. పత్రం లోపల స్పష్టంగానే రాశారు, దాచలేదు. అయితే పత్రం లోపలికి వెళ్లి చదివేది ఎందరు?

క్షేత్రానికి వెళ్లే వీల్లేనిచోట ఎక్కువ స్పష్టత ఉన్న చిత్రాలను మనుషుల చేత చూపించి ఇది పొద, ఇది పచ్చిక, ఇది బంజరు అని రాయిస్తారు. ఆ పని చేసినవాళ్లను అడగండి. ఎండాకాలపు చిత్రంలో బీడుగా కనిపించింది వానాకాలపు చిత్రంలో పంట. ఒకరు పొద అన్నదాన్ని ఇంకొకరు పల్చటి అడవి అంటారు. అప్పుడు ఇద్దరిలో సీనియర్ మాటే ఖాయం చేసేసి, భేదాభిప్రాయాన్ని ఫైల్లోంచి తుడిచేస్తారు. నన్నడిగితే ఆ తుడిచేసినదే అన్నిటికంటే విలువైన సమాచారం. మనిషికే తెగని చోట యంత్రం ఎలా తెగ్గొట్టిందో, ఎంత ధీమాగా తెగ్గొట్టిందో తెలియాలి కదా.

నిర్వచనాల గొడవ కూడా ఇందులో భాగమే. 2013లో వెలువడిన 30 మీటర్ల ప్రపంచ అడవి మార్పు పటం మీద మరుసటి ఏడాదే ఒక విమర్శ వచ్చింది. తోటలను సహజమైన అడవితో కలిపేశారన్నది ఆ విమర్శ. పటంలో కొలిచింది అయిదు మీటర్లకు మించి ఎదిగిన చెట్ల ఆచ్ఛాదనను. ఆ నిర్వచనం ప్రకారం పామాయిల్ తోట లెక్కలోకి వస్తుంది. తయారుచేసినవాళ్ల నిర్వచనం దగ్గర తప్పులేదు, వాడేవాళ్ల భయమూ అబద్ధం కాదు. ఇలాంటిచోట ఖచ్చితత్వపు శాతం ఎంత పెరిగినా గొడవ తీరదు.

దోషం ఎప్పుడూ రెండు వైపులా సమానంగా ఉండదు, ఇదీ గుర్తుపెట్టుకోవాలి. సహారా దిగువ ఆఫ్రికాలో 2016లో కాలిన భూమిని సెంటినెల్-2 చిత్రాలతో లెక్కగట్టినప్పుడు, మోడిస్ అనే ఉపగ్రహ పరికరం నుంచి తయారైన 500 మీటర్ల పిక్సెల్ పటం చెప్పినదానికంటే దాదాపు 80 శాతం ఎక్కువ తేలింది. చిన్న చిన్న మంటలు పెద్ద పిక్సెల్‌కు ఆనలేదు. తప్పులు అటూ ఇటూ పడి సగటున సర్దుకుంటాయని నమ్మేవాళ్లకు ఇది చాలా ఖరీదైన పాఠం. చిన్న చేను, సన్నటి వాగు, నాలుగు చెట్ల తోపు, చిన్న మంట. పిక్సెల్‌లో నష్టపోయేది ఎప్పుడూ చిన్నదే.

కాలంతో వచ్చే చిక్కుల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, మీ నుంచి సమాచారం తీసుకునేవాళ్లకు చెప్పాలి. టెర్రా ఉపగ్రహం మీది మోడిస్ పరికరం వయసు మీదపడి, ముఖ్యంగా నీలి కాంతిని కొలిచే బ్యాండ్‌లో స్పందన తగ్గింది. ఐదో కలెక్షన్ (ఆ సమాచారపు ఐదో వెర్షన్)లో మొక్కల పచ్చదనం నేలమీద తగ్గనంతగా తగ్గుతున్నట్టు కనిపించింది. అలాంటి పరికరమే ఆక్వా ఉపగ్రహం మీదా ఉండబట్టి తేడా పట్టుబడింది, ఆరో కలెక్షన్‌లో సరిచేశారు. రెండో పరికరం లేకపోయుంటే? 2020 తర్వాత టెర్రా కక్ష్యను సరిదిద్దడం ఆపేశారు. ఉదయం 10:30కి దాటవలసినది క్రమంగా ముందుగానే దాటుతోంది. సూర్యుడు ఇంకా కిందనే ఉంటాడు, నీడలు పొడుగవుతాయి, అదే అడవి వేరేలా కనిపిస్తుంది. 2022 జనవరి 25న సెంటినెల్-2 ప్రాసెసింగ్ మారి పిక్సెల్ విలువలన్నిటికీ 1,000 కలపడం మొదలైంది. ముందుగా ప్రకటించారు, కారణమూ చెప్పారు. ఆ ప్రకటన చూడకుండా పాత వరుసకు కొత్త వరుసను అతికించినవాళ్ల గ్రాఫుల్లో ఆ తేదీ దగ్గర ఓ మెట్టు లేచింది. అక్కడ భూమి మీద ఏమీ జరగలేదు.

ఇలాంటివాటి కోసమే కదా మీలో చాలామంది కలిసి పెట్టుకున్న సియోస్ అనే భూ పరిశీలన ఉపగ్రహాల సమన్వయ సంస్థలో సరిచూపు కోసమే ఒక కార్యవర్గం, అందులో భూ ఉత్పత్తులకు వేరుగా 2000లో ఒక ఉపబృందం ఏర్పడ్డాయి. సరిచూపును దశలుగా విభజించింది కూడా మీరే. మొదటి దశలో ముప్పై లోపు చోట్ల పోల్చితే సరిపోతుంది. మూడో దశకు వచ్చేసరికి ప్రపంచవ్యాప్తంగా గణాంక శాస్త్రం ఒప్పుకునే నమూనాతో అనిశ్చితి చెప్పాలి. నాలుగో దశలో కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, కాలపు వరుస పొడుగైనప్పుడల్లా ఆ పనంతా మళ్లీ చేయాలి. మెట్లు మీరే కట్టారు, చక్కగా కట్టారు. మీ ఉత్పత్తి ఏ మెట్టు మీద ఉందో డౌన్‌లోడ్ బటన్ పక్కన రాయడానికి ఎందుకు మొహమాటం?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. శాతం ఒక్కటే కాకుండా నీరు, పచ్చిక, అడవి వంటి తరగతుల్లో దేన్ని దేనిగా పొరబడ్డారో చెప్పే పట్టికను ప్రాంతాలవారీగా, పటంతోపాటు అదే ఫైల్లో ఇవ్వండి. మార్పు పటమైతే సరిదిద్దిన విస్తీర్ణం, దాని అటూఇటూ తేడా లేకుండా విడుదల చేయకండి. పరీక్ష నమూనాను మోడల్ తయారుచేసినవాళ్లు తాకకూడదు. దాన్ని గీసేది, చూసేది వేరే బృందం కావాలి, వాళ్లకు వేరే బడ్జెట్ కావాలి. ఈ చివరి మాట దగ్గరే మీరు ఆగిపోతారని తెలుసు. ఉపగ్రహానికి వచ్చినంత సులువుగా మట్టిలో సెన్సరు పాతి పదేళ్లు దాన్ని బాగుచేస్తూ ఉండటానికి డబ్బు రాదు. ప్రారంభోత్సవాలకు పనికొచ్చే పని కాదు మరి. క్షేత్ర కేంద్రాలు ఉత్తర అమెరికా, యూరప్‌లలో గుమిగూడి, ఉష్ణమండలంలో అరుదుగా ఉండటానికి ఇదొక ప్రధాన కారణం. మబ్బులెక్కువై ఉపగ్రహానికే సరిగా కనపడని ప్రాంతాలు, నేలమీద తనిఖీ లేని ప్రాంతాలు చాలాచోట్ల ఒకటే కావడం ఎంత అన్యాయమో మీకు వేరే చెప్పాలా?

మీ అభ్యంతరం ఒకదాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పరీక్ష బిందువులన్నీ బయటపెడితే తర్వాతి మోడల్ వాటినే బట్టీపడుతుంది. నిజమే. అయితే దానికి మందు దాచిపెట్టడం కాదు. కొన్ని బిందువులను విడుదల రోజునే ఇవ్వండి, కొన్నిటిని మూడో పక్షం దగ్గర దాచండి. కొత్త నమూనా వచ్చాక పాతదాన్ని మొత్తంగా బయటపెట్టండి, దాన్ని చూసినవాళ్ల భేదాభిప్రాయాలతో సహా. బిందువు ఎక్కడుందో తెలిస్తే ఎవరి పొలమో తెలిసిపోతుందన్న భయం ఉన్నచోట స్థానాన్ని కాస్త జరిపి ఇవ్వవచ్చు, జరిపామని చెప్పి.

మీ తర్వాతి వెర్షన్ విడుదల పత్రాన్ని మొదటి పేజీ నుంచి కాకుండా తప్పుల పట్టిక నుంచే చదవడం మొదలుపెడతాను. పైన అడిగినవాటిలో మీ వల్ల కానిదేదైనా ఉంటే, ఎందుకు కాదో ఆ పత్రంలోనే రాయండి. మా లెక్కల్లో ఆ ఖాళీని ఎలా చూపించుకోవాలో మేము చూసుకుంటాం.

ఇట్లు,
మీ పటాలతో లెక్కలు కట్టే ఒక విశ్లేషకుడు